తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడింటికీ ఒకే చేతిరాత ఖతి: అక్షరాలను కలపాలా, విడిగా ఉంచాలా?

రేఖాకారుడు (హైదరాబాదు):

సభ్యులందరికీ నమస్కారం. ఏడాదిగా తీరిక దొరికినప్పుడల్లా ఒక చేతిరాత ఖతిని (ఫాంటును) గీస్తున్నాను. మా అక్క కూతురి శుభలేఖతో ఈ పని మొదలైంది. వియ్యాలవారిది హుబ్బళ్ళి కాబట్టి కార్డును మూడు భాషల్లో వేయించాము. ఇంగ్లీషు పేర్లు గొలుసుకట్టు రాతలో ఎంతో సొగసుగా వచ్చాయి. వాటి పక్కన తెలుగు దినపత్రిక శీర్షికలాగా, కన్నడం బస్సు బోర్డులాగా కనిపించాయి. మూడు లిపులనూ ఒకే చేయి రాసినట్లు ఉండే ఖతి కావాలని అప్పుడే అనిపించింది.

లాటిన్ (ఇంగ్లీషు) అక్షరాలు దాదాపు పూర్తయ్యాయి. కాపర్‌ప్లేట్ అనే గొలుసుకట్టు రాతను అనుసరించి, అక్షరాలు నిలబడే అడుగుగీతకు 55 డిగ్రీల వాలులో గీశాను. తెలుగు హల్లులు, ఒత్తులు, గుణింతపు గుర్తులు గీసి వాటికీ అదే వాలు ఇచ్చాను. చిక్కు ఇక్కడే వచ్చింది. వాల్చిన తెలుగు గాలివానకు ఒరిగిన పెళ్ళిపందిరిలా ఉంది. పైగా లాటిన్‌లో ఒక అక్షరం మరొకదాని చేయి పట్టుకుని నడుస్తుంటే, తెలుగులో దేనికదే విడిగా నిలబడుతోంది. తోకలు పెంచి కలపాలా? కలిపితే చదివేవారు ఒప్పుకుంటారా? నమూనా జతచేశాను, ఈ పనిలో అనుభవం ఉన్నవారు చూసి దయచేసి చెప్పండి.

గుణింతం:

వాలు సంగతి ముందు చూద్దాం. కాపర్‌ప్లేట్‌లో వాలు రాసేవారి చేతి వాటం వల్ల వస్తుంది. మొనదేలిన ఉక్కుపాళీని కిందికి లాగినప్పుడు ఒత్తిడికి మొన విచ్చుకుని గీత లావెక్కుతుంది, పైకి తోసినప్పుడు సన్నబడుతుంది. లాటిన్ అక్షరాల్లో కిందికి దిగే తిన్నని గీతలు వరుసగా ఉంటాయి కాబట్టి ఆ లావులన్నీ ఒకే వాలులో పడి ఒక లయ ఏర్పడుతుంది. తెలుగులో అలాంటి నిలువుగీత దాదాపు లేదు. తాటాకు మీద గంటంతో రాసిన కాలం నుంచి మన అక్షరం సున్న చుట్టూ తిరుగుతూనే ఉంది. గుండ్రని ఆకారాన్ని గీసిన తరువాత పక్కకు తోస్తే కుడివైపు పైమూల, ఎడమవైపు కిందిమూల సాగిపోయి, మిగిలిన రెండు మూలలూ నొక్కుకుపోతాయి. మీకు పందిరి ఒరిగినట్లు కనిపించడానికి కారణం ఇదే.

నా సలహా ఏమిటంటే, అదే పాళీని చేతబట్టి తెలుగును కాగితం మీద వేగంగా రాయండి. అది సహజంగా ఎంత వాలుతుందో కొలవండి. ఆ తరువాత లాటిన్‌ను దాని దగ్గరకు తీసుకురండి. ఇంగ్లీషును ముందు పూర్తిచేసి మిగిలిన లిపులను దానికి తగిలించడం మన దగ్గర పాతబడిన అలవాటు.

అచ్చుపని (విజయవాడ):

ఇరవై ఏళ్ళుగా శుభలేఖలు వేస్తున్నవాడిగా ఒక్కటి అడుగుతాను. మీ సన్నగీత మందం ఎంత?

రేఖాకారుడు:

అక్షరాన్ని గీసే వెయ్యి యూనిట్ల చదరంలో 18 యూనిట్లు. ఒత్తులను మూల అక్షరం నుంచి 60 శాతానికి తగ్గించి తీసుకున్నాను.

అచ్చుపని:

అయితే లెక్క చూడండి. శుభలేఖలో పెద్దల పేర్లు, ముహూర్తం 10 పాయింట్లలో పడతాయి. ఆ సైజులో 18 యూనిట్లంటే 0.18 పాయింటు, అంటే దాదాపు 0.06 మిల్లీమీటరు. 60 శాతానికి తగ్గిన ఒత్తులో అది దాదాపు 0.04 మిల్లీమీటరుకు పడిపోతుంది. మాట్ కాగితం మీద ఆఫ్‌సెట్‌లోనే అది తెగుతుంది. బంగారు ఫాయిల్ కొట్టిస్తే ఒత్తు ఉన్నచోట రెండు మూడు చుక్కలు మాత్రమే మిగులుతాయి. వధువు పేరు ‘లక్ష్మి’ అయితే మకారపు ఒత్తు ఎగిరిపోయి ‘లక్షి’ అవుతుంది. అటువంటి కార్డు తిరిగి వచ్చిందంటే నష్టం మా దుకాణానిదే. ఒత్తులను తగ్గించి తీసుకోకండి, ఆ సైజుకు తగిన మందంతో విడిగా గీయండి.

మరొక విషయం. చిన్న ఊళ్ళలో చాలా దుకాణాలు ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత ప్రోగ్రాములోనే పనిచేస్తున్నాయి. యూనికోడ్ తెలుగు దానికి తెలియదు. కొత్తదైన ఇన్‌డిజైన్ ఉన్నవారు కూడా అందులో పేరాగ్రాఫ్ కంపోజర్ అనే అమరికను వరల్డ్ రెడీకి మార్చకపోతే ఒత్తులు విడిపోతాయి. ఖతితో పాటు ఒక పేజీ సూచనలు ఇవ్వండి, లేకపోతే తప్పు మీ ఖతిదేనని అందరూ అనుకుంటారు.

బళ్ళారి బాటసారి:

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం చదివినవాడిని. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళన్న మాట నిజమే. గ, ద, ల, ణ వంటి అక్షరాల అస్థిపంజరం ఒక్కటే. ఆ నమ్మకంతో తెలుగు గీతలను అలాగే తెచ్చి తలకట్టు మార్చి కన్నడం అనిపించిన ఖతులను చూశాను. కన్నడిగుడు మొదటి వాక్యంలోనే పట్టేస్తాడు.

తెలుగు తలకట్టు టిక్కు పెట్టినట్లు పైకి లేస్తుంది. కన్నడ తలెకట్టు చదునుగా పడుకుని చివర మెలిక తిరుగుతుంది. అందువల్ల తెలుగు వరుస నెత్తిన అలలు లేస్తే, కన్నడ వరుస నెత్తిన చూరు కట్టినట్లు ఉంటుంది. దీర్ఘాలను చూడండి. తెలుగులో ‘కీ’, ‘కే’, ‘కో’ల దీర్ఘం అక్షరం మీదే తేలిపోతుంది. కన్నడంలో ఆ మూడింటికీ దీర్ఘపు గుర్తు కుడిపక్కన సొంత చోటు తీసుకుని నిలబడుతుంది కాబట్టి అదే మాట అడ్డంగా పొడవెక్కుతుంది. ఇక ‘కర్ణాటక’ అన్న మాటే తీసుకోండి. తెలుగులో రకారం రాసి దాని కింద ణకారపు ఒత్తు ఇస్తాము. కన్నడంలో ముందు ‘ణా’ రాసి, రకారాన్ని అర్కావొత్తుగా దాని తరువాత పెడతారు. తెలుగులో వలపలగిలక పేరుతో అదే పద్ధతి ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు పాత పుస్తకాల్లోనే కనిపిస్తుంది. మీరు అక్షరాలను కలపదలిస్తే రెండు లిపుల్లోనూ కలం నడిచే దారి వేరని గుర్తుంచుకోవాలి.

ముంబయికి చెందిన ఏక్ టైప్ వారు బలూ ఖతి కుటుంబానికి పెట్టిన పేర్లు నాకు చాలా ఇష్టం. తెలుగుది తమ్ముడు, కన్నడానిది తమ్మ, మలయాళానిది చేట్టన్, తమిళానిది తంబి. తోబుట్టువుల గొంతు పోలుతుంది, ముఖాలు మాత్రం ఎవరివి వారివే. మీ పనికి కూడా ఆ కొలత సరిపోతుంది.

పాత దస్తావేజు:

‘తెలుగులో దేనికదే విడిగా నిలబడుతుంది’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. అచ్చులో అది నిజం. చేతిరాతలో మాత్రం ఊరి భూమి లెక్కలు రాసే మన కరణాలు తరతరాలుగా గొలుసుకట్టు రాశారు. కరణాల వ్యవస్థ 1984లో రద్దయిన తరువాత ఆ రాత కూడా క్రమంగా మాయమైంది. మా ఇంట్లో ముత్తాతల నాటి భూమి దస్తావేజులు కొన్ని ఉన్నాయి. వాటిలో కలం ఎత్తకుండా వరుస చివరివరకూ సాగిన రాత ఉంది. ఒక అక్షరం తలకట్టు పైకి లేచి, ఆగకుండా తరువాతి అక్షరం కడుపులోకి దిగుతుంది. పదాల మధ్య ఖాళీ ఉండదు. మరాఠీవారి మోడీ లిపి కూడా కలం ఎత్తకుండా రాయడం కోసం పెరిగినదే. దానికి 2014లో యూనికోడ్‌లో చోటు దొరికింది. మన గొలుసుకట్టు వేరే లిపి కాదు కాబట్టి దానికి వేరే సంకేతాలు అక్కరలేదు, ఎవరైనా శ్రద్ధగా గీస్తే చాలు. కలపడం పరాయి అలవాటని అనుకుని భయపడవద్దు.

రేఖాకారుడు:

పాత దస్తావేజు గారూ, మీ మాట చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. మా తాతగారి పత్రాలు తీసి చూశాను. మీరు చెప్పినట్లే తలకట్టు నుంచి తరువాతి అక్షరానికి వంతెన పడుతోంది. ‘క’, ‘త’, ‘ద’, ‘న’లతో మొదలుపెట్టి, నిష్క్రమణ బిందువును తలకట్టు చివర, ప్రవేశ బిందువును అక్షరం ఎడమ నడుము దగ్గర పెట్టి కలిపి చూశాను. ‘కనకదనం’ అని రాస్తే అద్భుతంగా వచ్చింది. ‘జలజ’ అని రాసేసరికి అంతా ఆగిపోయింది.

గుణింతం:

ఆగక తప్పదు. ఖ, జ, ట, ణ, బ, లలకు తలకట్టే లేదు. ఘ, ప, ఫ, ష, స, హలకు తలకట్టు ఉన్నా అక్షరాన్ని అంటకుండా తేలుతుంది. అంటే అక్షరం ముగిసే చోటు ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఎత్తులో ఉంది. లాటిన్‌లోనూ ఈ చిక్కు లేకపోలేదు. చాలా అక్షరాలు అడుగుగీత దగ్గర ముగిస్తే, ‘ఓ’, ‘వీ’, ‘డబ్ల్యూ’ వంటి కొన్ని నడుము పైన ముగుస్తాయి, వాటి తరువాత వచ్చే అక్షరానికి ప్రత్యామ్నాయ రూపం కావాలి. సీసపు అచ్చుల కాలంలో, 1953లో రోజే ఎక్స్‌కోఫాన్ మిస్త్రాల్ అనే చేతిరాత ఖతిని గీసినప్పుడు ఏ రెండు అక్షరాలు పక్కపక్కన పడినా కలిసేటట్లు కొసలను సరిచూసుకోవలసి వచ్చింది, ఎందుకంటే అచ్చు తానంతట తాను మారదు. ఈనాడు ఓపెన్‌టైప్ అనే ఖతుల పద్ధతిలో కర్స్ అనే ఫీచరుతో కొసలను అంటించవచ్చు, కాల్ట్ అనే ఫీచరుతో పక్క అక్షరాన్ని బట్టి రూపాన్ని మార్చవచ్చు.

అయితే తెలుగులో గుణకారం భయపెడుతుంది. క్షకారంతో కలిపి హల్లులు 36, ఒక్కొక్కదానికి గుణింత రూపాలు 14, మొత్తం 504. ఎత్తును బట్టి మూడేసి రూపాలు గీస్తే 1,512 అవుతాయి, ఒత్తులు ఇంకా లెక్కలోకి రాలేదు. ఆ ఒత్తులే అసలు అడ్డంకి. మనం ‘స్తి’ రాసేటప్పుడు సకారం, గుడి అయ్యాక చివరన తకారపు ఒత్తు ఇస్తాము. కీబోర్డులో వరుస అలా ఉండదు: సకారం, పొల్లు, తకారం, ఆఖరున గుడి. సంతోషకరమైన విషయమేమిటంటే, అక్షరాలను తెర మీద అమర్చే షేపింగ్ ఇంజను గుడి, ఎత్వం వంటి పై గుర్తులను ఒత్తుకన్నా ముందుకు తెచ్చి చేతిరాత వరుసనే పాటిస్తుంది. కానీ అప్పుడు కలం అడుగున ఉంటుంది. అక్కడి నుంచి తరువాతి అక్షరం నడుముకు గీత లాగితే అది ఇంకొక గుర్తులా, చాలాసార్లు కొమ్ములా కనిపిస్తుంది. చదివేవారు దాన్ని అక్షరంగానే చదువుతారు.

కాబట్టి ఒత్తు ఉన్నచోట గొలుసు తెగనివ్వండి. కలిపే నియమాలను, ఒక అక్షర సముదాయం లోపలి రూపాలను మార్చే పీఎస్‌టీఎస్ వంటి ఫీచర్లలో కాకుండా కాల్ట్‌లోనే రాయండి. పీఎస్‌టీఎస్ వంటివి ఆ సముదాయం దాటి పక్కకు చూస్తాయన్న భరోసా లేదు.

ఉర్దూ ప్రేమికుడు:

హైదరాబాదు శుభలేఖ అంటే ఉర్దూ కూడా ఉండాలి కదా. చేర్చగలరా?

గుణింతం:

ఉర్దూ రాసే నస్తాలిక్ శైలి కుడి నుంచి ఎడమకు సాగేది, పైగా ప్రతి మాటా మెట్లు దిగినట్లు కిందికి జారుతుంది. దాన్ని ఈ ఖతికి అనుబంధంగా చేయడం అన్యాయం. అది మరొకరి ఏళ్ళ శ్రమకు తగిన పని.

బడిపంతులు (ఉట్నూరు):

నేను ఖతులు గీసేవాడిని కాను, చదివించేవాడిని. మా బడికి గోండు, కొలామి పిల్లలు వస్తారు. గోండీకి గుంజాల గోండి లిపి ఉంది, అది 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. అయినా మా తరగతిలో గోండీ కథలను ఎక్కువగా తెలుగు లిపిలోనే రాసుకుంటాము. మీరు ‘మూడు భాషలు’ అన్నప్పుడు మూడు లిపులను మాత్రమే లెక్కపెట్టారు. ఒకే లిపిలో రాసే పలు భాషలను కూడా చూడండి.

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు పలుకుతుంది కాబట్టి పాత అచ్చులు గీసినవారు పొల్లును పెద్దగా పట్టించుకోలేదు. గోండులు తమను తాము ‘కోయ్తోర్’ అంటారు, ఆ మాట రకారపు పొల్లుతో ముగుస్తుంది. అటువంటి మాటలు గోండీలో చాలా ఉన్నాయి. మీరు చూపిన నమూనాలో పొల్లు తోక సొగసు కోసం కుడివైపు ఎంత చాచుకుందంటే తరువాతి మాటలోని మొదటి అక్షరాన్ని తాకుతోంది. తెలుగులో కూడా బస్, ఫోన్, స్కూల్ అని రాయకుండా ఈనాడు ఎవరికి గడుస్తుంది? అలాగే ‘ఆఫీస్‌లో’ అన్నప్పుడు సకారం కింద లకారపు ఒత్తు పడకుండా మధ్యలో కనిపించని విడదీత గుర్తు పెడతాము. ఆ గుర్తు వచ్చినప్పుడు మీ గొలుసు ఏమి చేస్తుందో పరీక్షించారా?

ఇంకొక మనవి. వేగంగా రాసిన రాతలో థకారపు చుక్క గీతలో కలిసిపోయి ధకారం అవుతుంది, ఠకారపు చుక్క పోతే రకారం అవుతుంది. పకారానికీ వకారానికీ తేడా పైన తెరచి ఉన్న నోరు ఒక్కటే. పెద్దలు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. చదవడం నేర్చుకుంటున్న పిల్లవాడికి సందర్భం ఉండదు.

తాళపత్రం:

సంస్కృతాన్ని తెలుగు లిపిలో చదివేవారు ఇప్పటికీ వేలల్లో ఉన్నారు కాబట్టి రెండు మాటలు పరీక్షించండి: ‘జ్యోత్స్న’, ‘కార్త్స్న్యం’. రెండవదానిలో రకారం కింద నాలుగు హల్లులు చేరాయి. ఒత్తులన్నీ కిందికే వేలాడితే కింది వరుసలోని గుడులను ఢీకొంటాయి, కుడివైపు పేర్చుకుంటూ పోతే మాట విడిపోతుంది. మొదటిదాన్ని కిందా మిగిలినవాటిని కుడివైపు కొద్దికొద్దిగా దించుతూ గీయడం నాకు తెలిసినంతలో మేలైన దారి. ఖతి లోతు కొలతను కూడా సరిచూడండి. విన్ డిసెంట్ అనే ఆ కొలత తక్కువగా ఇస్తే విండోస్‌లోని కొన్ని ప్రోగ్రాములు కింది ఒత్తును కత్తిరించేస్తాయి. ఐత్వం అడుగు గుర్తు కూడా ఇదే చోటుకోసం ఒత్తుతో పోటీ పడుతుంది, ‘త్రై’, ‘స్థైర్యం’ రాసి చూడండి.

లాటిన్ భాగంలో సంస్కృత లిప్యంతరీకరణకు కావలసిన నెత్తిగీతలు, అడుగుచుక్కలు కూడా ఇస్తే మాబోటివాళ్ళు వాడుకుంటారు.

పాత దస్తావేజు:

ఒత్తు వచ్చిన ప్రతిచోటా గొలుసు తెంపితే అది గొలుసుకట్టు ఎలా అవుతుంది? కరణాలకు లేని భయం మనకెందుకు?

బళ్ళారి బాటసారి:

కరణం రాసింది మరొక కరణం చదవడానికి. కొంతవరకు అది అర్థం కాకూడదనే రాసేవారని మా ఊళ్ళో పెద్దలు అనేవారు. నిజమో కాదో గానీ, రైతు తన పొలం కాగితాన్ని తానే చదువుకోలేకపోయిన మాట మాత్రం వాస్తవం. శుభలేఖ వెయ్యిమంది చేతుల్లోకి వెళ్ళేది. పొరుగు లిపులవారు ఏమి చేశారో చూడండి. మలయాళంలో చిలంక, తమిళంలో కవివనర్ చేతిరాత ఖతులే. రెంటిలోనూ అక్షరాలు విడిగానే ఉంటాయి, అయినా చేతితో రాసినట్లే కనిపిస్తాయి. ‘కలం’ అనే దేవనాగరి ఖతిలో అక్షరాలు కలుస్తున్నాయంటే అది ఆ లిపిలో సహజంగా ఉన్న శిరోరేఖ (నెత్తిన ఉండే అడ్డగీత) చలవ. మన దగ్గర బాపు గారి రాత ఖతిగా వచ్చి ఇన్నేళ్ళయింది. ఎక్కడా అక్షరాలను గొలుసుగా కలపలేదు, అయినా రెండు మాటలు చూడగానే ఎవరి చేయో తెలిసిపోతుంది. తలకట్టు విసిరిన తీరు, కొమ్ము లాగిన వేగం చాలు.

రేఖాకారుడు:

మూడు వారాలు మౌనంగా ఉన్నందుకు క్షమించండి. మీరందరూ చెప్పినవాటిలో చాలావరకు చేసి చూశాను.

గుణింతం గారి మాట ప్రకారం పాళీతో నలభై పేజీలు తెలుగు, కన్నడం రాశాను. నా చేతిలో తెలుగు నిలువు నుంచి ఏడెనిమిది డిగ్రీలకు మించి వాలలేదు, కన్నడం ఇంకా తక్కువ. పాత లాటిన్‌ను పక్కనపెట్టి పది డిగ్రీల వాలుతో కొత్తగా గీస్తున్నాను. కాపర్‌ప్లేట్ ఠీవి పోయింది, నిజమే, కానీ మూడూ పక్కపక్కన పెట్టినప్పుడు ఒకే సిరాతో రాసినట్లు ఉన్నాయి. సన్నగీత 30 యూనిట్లకు పెంచాను, ఒత్తుల్లో కూడా 28కి తగ్గనివ్వలేదు.

కలపడం విషయంలో, మామూలు రూపంలో తెలుగు అక్షరాలు విడిగానే ఉంటాయి. తలకట్టు మాత్రం తరువాతి అక్షరం వైపు చూస్తూ లేస్తుంది. పక్కన తలకట్టు లేని అక్షరం వస్తే కొంచెం పొడవుగా, గుడి ఉన్న అక్షరం వస్తే పొట్టిగా, మాట చివర వస్తే విసిరినట్లుగా మూడు రూపాలు గీశాను. తలకట్టు విడి భాగంగా ఉంది కాబట్టి 1,512 రూపాల బెడద తప్పింది. పాత దస్తావేజు గారి కోసం కరణాల గొలుసును ఒక శైలీ ఎంపికగా ఉంచాను, కావాలనుకున్నవారు తెరచి వాడుకోవచ్చు. అది ఒత్తు దగ్గర, పొల్లు దగ్గర, కనిపించని విడదీత గుర్తు దగ్గర తెగుతుంది. పంతులు గారూ, మీరు అడిగింది పరీక్షించాను. ‘ఆఫీస్‌లో’ మొదట తప్పుగానే కలిసింది, ఇప్పుడు సరిచేశాను. థ, ఠ చుక్కలను గీతకు అంటకుండా నిలబెట్టాను. పొల్లు తోకను నిలువుగా పైకి తిప్పాను.

కన్నడంలో అర్కావొత్తు ఇంకా కుదరలేదు. దీర్ఘపు గుర్తు, అర్కావొత్తు రెండూ ఒకే అక్షరానికి వచ్చినప్పుడు మాట మధ్యలో పెద్ద ఖాళీ కనిపిస్తోంది. బాటసారి గారు తమ చేత్తో అటువంటి మాటలు పది రాసి ఫొటో పెడితే ఎంతో మేలు.

బళ్ళారి బాటసారి:

రేపు సాయంత్రానికి పెడతాను. మా అమ్మాయి చేత కూడా రాయిస్తాను, ఆమె రాత నాకన్నా వేగం.

అచ్చుపని:

నాకు ఫైలు పంపండి. 9, 10, 12 పాయింట్లలో మూడు రకాల కాగితం మీద, ఒక ముక్క ఫాయిల్‌తో కొట్టి చూపిస్తాను. మాటలు నేనే ఎంచుకుంటాను: చి.ల.సౌ. లక్ష్మీప్రసన్న, జ్యేష్ఠ పుత్రుడు, బ్రహ్మశ్రీ, తాంబూలం. నా అనుభవంలో ఖతులన్నీ తడబడేది ‘జ్యేష్ఠ’ దగ్గరే.